నిఖానామాల సమీక్ష: నాలుగు నమూనాలు, ఒక ఖాళీ గడి

నిఖాకి ఏ కాగితం (నిఖానామా) వాడదాం అని మన ఇళ్లలో అడిగేవాళ్లు అరుదు. ఖాజీ సాబ్ తెచ్చిన సియాహా (నిఖా రిజిస్టరు)లో పేర్లు, మెహర్ (వరుడు వధువుకి ఇవ్వాల్సిన సొమ్ము), వకీలు (వధువు తరఫు ప్రతినిధి), ఇద్దరు గవాలు (సాక్షులు) రాయించి సంతకాలు పెట్టేస్తారు. అయితే గత ఇరవై ఏళ్లలో ముస్లింలే, అందులోనూ ఎక్కువగా ముస్లిం స్త్రీలే, ఖురాన్‌నీ, ఇస్లాం ధర్మశాస్త్రమైన ఫిఖ్‌నీ ముందు పెట్టుకుని ఇంతకంటే మెరుగైన కాగితాలు తయారుచేశారు. వాటిలో నాలుగింటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో ఆమోదించింది. రెండోది షాయిస్తా అంబర్ నాయకత్వంలోని మహిళల పర్సనల్ లా బోర్డు 2008లో లక్నోలో తెచ్చింది. మూడోది అదే ఏడాది బ్రిటన్‌లో ముస్లిం ఇన్‌స్టిట్యూట్ విడుదల చేసింది. నాలుగోది భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ (బీఎంఎంఏ) వాళ్లది.

ముందుగా ఒక భయం తీరాలి. కాగితం మారిస్తే నిఖా చెల్లదేమో అని పెద్దవాళ్లు కంగారుపడతారు. నిఖాకి కావాల్సింది ఈజాబ్-ఖబూల్ (ప్రతిపాదన, అంగీకారం), సాక్షులు, మెహర్. కాగితం వాటికి రుజువు మాత్రమే. 1880 నాటి ఖాజీల చట్టం నాలుగో సెక్షన్ కూడా ఖాజీ హాజరు తప్పనిసరి కాదనీ, ఆ పని మరొకరు చేసినా అడ్డులేదనీ చెబుతుంది. నిఖా ఒక ఒప్పందం. అందులో షరతులు పెట్టుకోవడం కొత్త పోకడేమీ కాదు. అన్నిటికంటే ముందు నెరవేర్చాల్సినవి నిఖా షరతులేనన్న హదీసు (ప్రవక్త మాట) బుఖారీ సంకలనంలో ఉంది. ట్యునీషియాలోని కైరవాన్‌లో మధ్యయుగాల నుంచే భర్త రెండో పెళ్లి చేసుకుంటే భార్య విడిపోవచ్చని నిఖా పత్రంలో రాసుకునేవారు.

ఇక కాగితాల సంగతి. బోర్డు వారి 2005 నమూనాకున్న పెద్ద బలం దాని ఆమోదం. ఏ మసీదులో చూపించినా పేచీ రాదు. దంపతులకు సూచనలిచ్చే హిదాయత్‌నామా జతగా ఉంటుంది. మెహర్‌ని బంగారంలోనో వెండిలోనో పెట్టమన్న సలహా నిజంగా మేలైనది. గొడవొస్తే దారుల్ ఖజాకి (షరీయత్ పంచాయితీకి) వెళ్లమంటుంది. లోపమల్లా దాదాపు అన్నీ సలహాలుగానే మిగలడం. ఒకే ఊపున మూడు తలాఖ్‌లు చెప్పడం మానుకోవాలి అని ఉంది తప్ప, చెబితే ఏమవుతుందో లేదు. స్త్రీలు ఎన్నాళ్లుగానో అడుగుతున్న తలాఖె తఫ్వీజ్ (తలాఖ్ అధికారాన్ని భర్త భార్యకి అప్పగించడం) గడి అసలే లేదు. సత్ప్రవర్తన నేర్పే కాగితంగా మంచిదే. ఒప్పందంగా మాత్రం బలహీనం.

లక్నో నమూనాది వేరే కథ. ఎస్సెమ్మెస్, ఫోన్, ఈమెయిల్ తలాఖ్‌లు చెల్లవని 2008లోనే ధైర్యంగా రాసిన కాగితమిది. ఉర్దూతో పాటు హిందీలోనూ తెచ్చారు. ఆ రోజుల్లో అది పెద్ద అడుగు. తర్వాత 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు తలాఖె బిద్దత్‌ని (ఒకే ఊపున చెప్పే మూడు తలాఖ్‌లని) కొట్టేసింది, 2019 చట్టం దాన్ని మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం చేసింది. దాంతో ఈ నమూనాలోని ముఖ్యమైన గడి చేసే పనిని ఇప్పుడు చట్టమే చేస్తోంది. గౌరవించాల్సిన పత్రమే, కానీ ఈరోజు దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే చాలదు.

బ్రిటన్ నమూనా రాతలో అన్నిటికంటే పదునైనది. వయసొచ్చిన వధువుకి వలీ (పెళ్లి చేసిచ్చే సంరక్షకుడు) అవసరం లేదంటుంది. సాక్షులు స్త్రీలైనా పురుషులైనా సరే. రెండో పెళ్లి బ్రిటన్‌లోనే కాదు, వేరే దేశానికి వెళ్లి చేసుకున్నా నిషేధం. తలాఖ్ హక్కు భార్యకు కూడా అప్పగించినట్టే లెక్క, విడిగా అడగనక్కర్లేదు. దీనికి మద్దతిచ్చిన ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్ కొన్నాళ్లకే వెనక్కి తగ్గింది. వలీ విషయంలో అంత కలవరం ఎందుకో అర్థం కాదు. మన తెలుగు నేల ముస్లింలలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్హబ్ (ఫిఖ్ సంప్రదాయం)లోనే బాలిగ్ (వయసొచ్చిన) స్త్రీ తన నిఖా తానే చేసుకోవచ్చు. మరో మజ్హబ్ వాళ్లైన షాఫయీలకు మాత్రం వలీ తప్పదు. సాక్షుల నిబంధన దగ్గర మాత్రం ఈ పత్రం హనఫీ ఫిఖ్‌ని దాటిపోతుంది, అక్కడ ఇద్దరు మగవాళ్లు లేదా ఒక మగ, ఇద్దరు ఆడ సాక్షులు కావాలి. కాబట్టి ఈ పత్రంతో ఇక్కడ నిఖా చేయించేవాళ్లు సాక్షుల గడి ఒక్కటి పాత పద్ధతిలో నింపితే మిగతాదంతా నిలబడుతుంది.

లండన్‌లో నిఖా పెట్టుకునే తెలుగు కుటుంబాలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎంత గొప్ప నిఖానామా అయినా అక్కడి చట్టం దృష్టిలో ఒక్క నిఖాతో పెళ్లి అయినట్టు కాదు. 2020లో అఖ్తర్-ఖాన్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు ఇదే తేల్చింది. రిజిస్టర్ ఆఫీసు పెళ్లి ముందు జరగాలి, లేదా అదే వారంలో జరగాలి. తర్వాత చూద్దాంలే అని వాయిదా వేసిన చోటే ఆడపిల్లలు ఆస్తి హక్కు లేకుండా మిగిలిపోతున్నారు.

ఇప్పుడు బీఎంఎంఏ. నూర్జహాన్ సఫియా నియాజ్, జకియా సోమన్ 2007లో మొదలుపెట్టిన సంస్థ ఇది. హాజీ అలీ దర్గాలోకి స్త్రీల ప్రవేశం కోసం బొంబాయి హైకోర్టులో 2016లో గెలిచింది వీళ్లే. 2015లో పది రాష్ట్రాల్లో 4,710 మంది ముస్లిం స్త్రీలను అడిగి చూస్తే నూటికి తొంభై మందికి పైగా నోటిమాట తలాఖ్ వద్దన్నారు, అంతేమంది సవతి వద్దన్నారు. 2014లో ఈ సంస్థ ముస్లిం కుటుంబ చట్టానికి ఒక ముసాయిదా రాసింది. ఆ నియమాలే వీళ్ల నిఖానామాకీ పునాది. వధువుకి 18, వరుడికి 21 నిండాలి. మొదటి భార్య ఉండగా మరో నిఖా కుదరదు. తలాఖ్ అంటే తలాఖె అహసన్ (ఒక్కసారే చెప్పి గడువు తీరేదాకా ఆగే తలాఖ్) పద్ధతిలోనే, తొంభై రోజుల గడువుతో, ఇరువైపుల మధ్యవర్తులతో. హలాలా (పాత భర్తనే మళ్లీ పెళ్లాడాలంటే మధ్యలో మరొకరితో నిఖా), ముతా (గడువు పెట్టి చేసే తాత్కాలిక నిఖా) నిషిద్ధం. మెహర్ కనీసం వరుడి ఏడాది ఆదాయమంత ఉండాలి, అదీ నిఖా వేళకే చేతికి ఇవ్వాలి.

ఇరువైపుల నుంచి మధ్యవర్తులు అన్నది సూరా నిసా 35వ ఆయతు చెప్పే దారే. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు అడిగిందీ అదే: తలాఖ్‌కి సహేతుకమైన కారణం, ముందుగా రాజీ ప్రయత్నం. అంటే ఈ గడి అటు ఖురాన్‌కీ ఇటు కోర్టుకీ సరిపోతుంది. నమూనాలన్నిటిలోకీ దీన్ని పైన పెట్టడానికి అదొక కారణం.

రెండో కారణం మెహర్. మన వైపు మెహర్ ఎలా ఉంటుందో తెలిసిందే: ఒక రూపాయల అంకె, వెనకాల దీనార్ సుర్ఖ్ (బంగారు నాణేలు) అన్న మాట, అదీ తర్వాత ఇచ్చే పద్ధతిలో. ఆ తర్వాత అన్నది ఎప్పుడో ఎవరికీ తెలియదు. షా బానోకి 1932లో పెళ్లయితే 1978లో తలాఖ్ ఇచ్చి భర్త కోర్టులో జమచేసిన మెహర్ మూడు వేల రూపాయలు. నలభై ఆరేళ్ల వైవాహిక బంధం తర్వాత రూపాయల్లో రాసిన మెహర్ మిగిల్చేది అంతే. ఏడాది ఆదాయం అన్న కొలత ఈ జబ్బుకి సరైన మందు. నెలకి నలభై వేలు సంపాదించే వరుడైతే 4,80,000.

కానీ ఈ కొలత తడబడే చోటు ఉంది. జీతం స్లిప్పు ఉన్నవాడి ఆదాయం తేలుతుంది. ఆటో నడిపేవాడు, వెల్డింగ్ షాపువాడు, పండ్ల బండివాడు ఏడాదికి ఎంతో చెప్పలేడు, చెప్పినా తగ్గించి చెబుతాడు. అలాంటప్పుడు బోర్డు వారి సలహాని ఇక్కడికి తెచ్చుకోవాలి: ఆదాయాన్ని అంచనా వేసి దాన్ని బంగారం గ్రాములుగా మార్చి, గ్రాములే రాయాలి. 'ఇరవై నాలుగు క్యారెట్ల బంగారం ఇన్ని గ్రాములు, లేదా ఇచ్చే రోజున దాని మార్కెట్ ధర' అని ఉంటే అంకె అరిగిపోదు. మెహరె ఫాతిమీ (ప్రవక్త కూతురు ఫాతిమాకి ఇచ్చినంత మెహర్) పెడతామనేవాళ్లు కూడా ఆ మాట రాసి వదిలేయకూడదు, దాని తూకం సుమారు 1,531 గ్రాముల వెండి అని పక్కన రాయాలి. హనఫీల కనిష్ఠం పది దిర్హాములు, అంటే దాదాపు 30.6 గ్రాముల వెండి. అంతకంటే తక్కువ మెహర్ పెట్టకూడదు.

ఎంత వెంటనే, ఎంత తర్వాత అన్నది అంకెల్లో విడగొట్టాలి. ఉర్దూలో ఈ రెండు రకాల మెహర్ పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి, చేతిరాతలో ఒక అక్షరం అటూ ఇటూ అయితే అర్థం తారుమారవుతుంది. అందుకే తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో కూడా పక్కన రాయించుకోవాలి. తర్వాత ఇచ్చే భాగానికి తేదీ పెట్టడం మంచిది. ఇంకో వాక్యం తప్పనిసరి: ఇద్దరు సాక్షుల ముందు రాతపూర్వకంగా తప్ప మెహర్ మాఫీ చెల్లదు. భర్త జనాజా (పాడె) దగ్గర నిలబెట్టి 'మాఫ్ చేశానను' అని విధవ చేత అనిపించే అలవాటుని ఈ ఒక్క వాక్యం అడ్డుకుంటుంది.

బీఎంఎంఏ ఇచ్చే కాగితం ఎంత ముఖ్యమో, వాళ్ల స్త్రీ ఖాజీల సేవ అంత ముఖ్యం. ముంబయిలో దారుల్ ఉలూమె నిస్వాన్ పేరుతో ఖురాన్, ఫిఖ్, భారత రాజ్యాంగం, కుటుంబ చట్టాలు నేర్పి స్త్రీలను ఖాజీలుగా తయారుచేస్తున్నారు. 2016లో జైపూర్‌లో ఇద్దరు స్త్రీలు ఖాజీలుగా బయటికి రాగానే అక్కడి పెద్దలు అభ్యంతరపెట్టారు. అంతకుముందే, 2008లో లక్నోలో అప్పటి ప్రణాళికా సంఘం సభ్యురాలు సయ్యిదా హమీద్ ఒక నిఖా జరిపించారు. ఖాజీ స్త్రీ అయితే నిఖా చెల్లదన్న వాదనకి హనఫీ ఫిఖ్‌లో బలం లేదు, ఎందుకంటే ఖాజీ నిఖాకి షరతే కాదు. ఖుత్బా (నిఖా వేళ ప్రసంగం) చదవడం సున్నత్ (ప్రవక్త ఆచారం, తప్పనిసరి కాదు), దాన్ని ఎవరు చదివినా ఒప్పందం మీద ప్రభావం ఉండదు.

ఈ సేవకున్న అసలు విలువ విచారణలో ఉంది. వయసు రుజువు, గుర్తింపు పత్రం, ఆదాయం, ఇంతకుముందు పెళ్లి ఉంటే తలాఖ్ కాగితమో మరణ ధ్రువపత్రమో ముందే అడిగి చూస్తారు. హైదరాబాద్ పాతబస్తీలో గల్ఫ్ నుంచి వచ్చిన ముసలివాళ్లకి పసిపిల్లలను కట్టబెట్టిన నిఖాలన్నీ ఈ విచారణ లేకపోబట్టే సాగాయి. ఒక నెల ముందు పత్రాలు తెమ్మనే ఖాజీ ఉంటే ఆ దందా అక్కడే ఆగిపోతుంది. లోపం ఏమిటంటే ఈ సేవ కొద్ది ఊళ్లకే పరిమితం. కర్నూలులోనో కడపలోనో ఉన్న కుటుంబం కాగితాన్ని వాడుకోగలదు గానీ ఖాజీని రప్పించుకోవడం తేలిక కాదు. మామూలు ఖాజీ సాబ్ చేతనే నిఖా చేయించి, షరతుల పత్రం జతచేయడం ఇక్కడ పనికొచ్చే దారి.

ఆ షరతుల పత్రంలో అన్నిటికంటే విలువైనది తఫ్వీజ్. నాలుగు నమూనాల్లో దీన్ని సూటిగా పెట్టింది బ్రిటన్ పత్రం. పాకిస్తాన్‌లో 1961 నుంచీ వాడుతున్న ప్రభుత్వ నిఖానామాలో 18వ గడి దీనికోసమే ఉంది. కానీ అక్కడ నిఖా రిజిస్ట్రార్లు చాలామంది వధువుని అడగకుండానే ఆ గడిని అడ్డగీత గీసి కొట్టేస్తారు. గడి ఉండటం ఒకెత్తు, నిండటం ఒకెత్తు.

ఖులాకీ (భార్య కోరి తీసుకునే విడాకులకీ) దీనికీ తేడా డబ్బు దగ్గర బయటపడుతుంది. ఖులాలో సాధారణంగా మెహర్ వదులుకోమంటారు. తఫ్వీజ్‌లో ఆమె వాడేది భర్త అప్పగించిన తలాఖ్ అధికారం, కాబట్టి మెహర్ చెక్కుచెదరదు. 1930లలో దేవ్‌బంద్ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ భర్తల చేతిలో చిక్కుకుపోయిన స్త్రీల కోసం సూచించిన మార్గాల్లో ఇదొకటి. సంస్కరణ అంటేనే ముఖం చిట్లించే పెద్దలకు ఈ పేరు చెప్పండి. కోర్టుల్లో కూడా ఇది నిలబడింది: 1950లో బఫాతన్ బీబీ కేసులో కలకత్తా హైకోర్టు ఇలాంటి షరతుని ఒప్పుకుంది.

రాయడంలో జరిగే తప్పులు నాలుగు. ఒకటి, 'ఎప్పుడు జరిగినా' అన్న మాట మరిచిపోవడం. కాలం చెప్పని తఫ్వీజ్ హనఫీ ఫిఖ్‌లో ఆ కూర్చున్న మజ్లిస్ ముగియగానే తీరిపోతుంది. రెండు, ఎలాంటి తలాఖో రాయకపోవడం. ఉత్త తలాఖ్ అంటే రజయీ అవుతుంది, భర్త ఇద్దత్ (తలాఖ్ తర్వాత భార్య ఆగాల్సిన గడువు) లోపల వెనక్కి తీసేసుకోగలడు. 'ఒక బాయిన్ తలాఖ్' అని ఉండాలి, అంటే భర్త వెనక్కి తీసుకోలేనిది. మూడు, ప్రస్తావన ఎవరు తెచ్చారన్నది. నిఖా మాటల్లోనే ఈ షరతు పెట్టేట్టయితే ఈజాబ్ వధువు వైపు నుంచి షరతుతో సహా రావాలి, వరుడు ఖబూల్ అనాలి. వరుడే మొదలుపెడితే నిఖా అవుతుంది గానీ అధికారం చేతికి రాదు. నాలుగు, 'బాధలు పెడితే' లాంటి గాలిమాటలు. వాటిని కోర్టులో రుజువు చేయడం కష్టం.

వాడుకోదగ్గ రాత ఇలా ఉండొచ్చు:

'నన్ను ఈ షరతు మీద మీ నిఖాలో ఇస్తున్నాను: నా రాతపూర్వక సమ్మతి లేకుండా మీరు మరో నిఖా చేసుకున్నా, వరుసగా ఆరు నెలలు నా ఖర్చులు ఇవ్వకపోయినా, ఏడాది పాటు ఆచూకీ లేకపోయినా, నన్ను కొట్టినా, వీటిలో ఏది ఎప్పుడు జరిగినా, ఆ తర్వాత నేను ఎప్పుడు కోరుకున్నా, నాకు నేను ఒక బాయిన్ తలాఖ్ ఇచ్చుకునే అధికారం నాది. దీన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. దీన్ని వాడుకున్నా నా మెహర్, ఇద్దత్ ఖర్చు తగ్గవు.'

ఆ అధికారాన్ని వాడే రోజు వస్తే కారణం, తేదీ రాసి ఇద్దరు సాక్షుల సంతకాలతో భర్తకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, రసీదు దాచుకోవాలి. ఇద్దత్ ఆ తేదీ నుంచే లెక్క.

రెండో పెళ్లి నిషేధాన్ని విడిగా ఒక వాక్యంగా రాసి వదిలేస్తే మన దేశంలో ఆ రెండో నిఖా రద్దవదు. హనఫీలు షరతు మంచిదే అంటారు గానీ ఉల్లంఘనకు నిఖా రద్దు అనరు. ఇంకో మజ్హబ్ అయిన హంబలీల దగ్గర భార్యకు విడిపోయే హక్కు వస్తుంది, 1917 ఉస్మానియా కుటుంబ చట్టం ఆ అభిప్రాయాన్నే తీసుకుంది. అందుకే ఇక్కడ నిషేధాన్ని తఫ్వీజ్‌కి ముడిపెట్టడమే పనిచేసే మార్గం. అదనంగా ఇన్ని గ్రాముల మెహర్ చెల్లించాలి అని కూడా చేర్చవచ్చు.

రాయకూడనివీ ఉన్నాయి. భార్య భరణం అడగదు అని రాసినా చెల్లదు. ముందు ముందు విడిగా ఉంటాం అన్న ఒప్పందమూ చెల్లదు. భరణం గురించి భయం అక్కర్లేదు: 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులోనే, తలాఖ్ పొందిన ముస్లిం స్త్రీకి సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125 సెక్షన్ (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144) కింద భరణం అడిగే హక్కు ఉందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

జోడేకీ రఖమ్ (వధువు వైపు వాళ్లు వరుడికిచ్చే రొక్కం) గురించి నాలుగు నమూనాలూ ఇంకా గట్టిగా ఉండాల్సింది. వరుడి మెహర్ ఇరవై అయిదు వేలు, వరుడికిచ్చే జోడా అయిదు లక్షలు అయిన పెళ్లిలో మెహర్ అన్న మాటకే అర్థం పోతుంది. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్‌ని కట్నం లెక్కలో నుంచి తీసేసింది గానీ జోడాని తీసేయలేదు. 'వరుడి వైపు ఏ రూపంలోనూ రొక్కం తీసుకోలేదు' అని ఒక వాక్యం రాసి ఇద్దరి సంతకాలూ పెట్టించాలి. పుట్టింటివాళ్లు ఇచ్చిన సామాను, బంగారం జాబితా 1985 నియమాల ప్రకారం విడిగా రాసి సంతకాలు తీసుకోవాలి. విడిపోయిన చాలా సంసారాల్లో బీరువా ఎవరిది అన్న దగ్గరే మూడేళ్లు గడిచిపోతాయి.

ఆచరణలో చేయాల్సింది: నిఖాకి నెల ముందే బీఎంఎంఏ నమూనాని ఆధారంగా తీసుకుని, బ్రిటన్ పత్రంలోని తఫ్వీజ్‌ని, బోర్డు వారి గ్రాముల మెహర్‌ని అందులో కలిపి ఒక పత్రం తయారుచేయాలి. దాన్ని నాన్-జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద రాయించి, రెండు కుటుంబాలూ కూర్చుని చదవాలి. ఖాజీ సాబ్‌కి వారం ముందే చూపించాలి. షామియానా కింద మొదటిసారి చూపిస్తే ఏ ఖాజీ అయినా కాదంటారు, వరుడి మామలు లేచి నిలబడతారు, ఆడపిల్లవాళ్లు పరువుకి భయపడి కాగితం మడిచేస్తారు. సియాహాలో 'షరతుల పత్రం జతచేయబడింది' అని ఒక పంక్తి, తేదీ, ప్రతి పేజీ మీద వధూవరుల సంతకాలు, అదే ఇద్దరు గవాల సంతకాలు ఉండాలి. ఆ తర్వాత 2002 నాటి తప్పనిసరి వివాహ రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించాలి. వక్ఫ్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ పాస్‌పోర్టుకీ వీసాకీ పనికొస్తుంది, షరతులకు రుజువు మాత్రం మీ చేతిలోని అసలు పత్రమే.

ఒక విషయం నాలుగు నమూనాలూ మన ప్రాంతానికి సరిగా ఇవ్వలేకపోయాయి. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో నూర్‌బాషాలూ, ఇంకా ఎందరో ముస్లింలూ ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ చదవలేని వధువు ఉర్దూ పత్రం మీద పెట్టే సంతకం ఆమె రజామందీ (సమ్మతి) అనిపించుకోదు. కాబట్టి షరతుల పత్రాన్ని తెలుగులోనే రాయండి. వకీలు ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు మెహర్ అంకె, తఫ్వీజ్ వాక్యం ఆమె చేతే పైకి చదివించండి. నాలుగు ప్రతులు తీయించండి: వధువుకి ఒకటి, వరుడికి ఒకటి, ఖాజీకి ఒకటి, నాలుగోది వధువు పుట్టింట్లో.